మూడో వంతు విమానం

ప్రతి ఉదయం టీ తాగడం అయ్యాక పైలట్‌ను తూచడం ఆ ఇంట్లో అలవాటు. భార్య వంటగది గట్టు మీదున్న తూకం మిషను మీద తువ్వాలు మడతపెట్టి వేసి, అంకెను సున్నాకు తెచ్చి, ఆయన్ని చంకల కింద పట్టుకుని ఎత్తి కూర్చోబెట్టేది. ఆయన పేపరు వదిలేవాడు కాదు.

"కదలకండీ, అంకె ఆగడం లేదు."

"పేపరు పక్కన పెట్టేదా?"

"పేపరు బరువు నేను తీసేస్తాను. మీరు ఆ కాళ్లు ఊపడం మానండి చాలు."

రెండు కిలోల ఆరువందల గ్రాములు. కూతురు స్కేలుతో ఎత్తు కొలిచేది. యాభై ఎనిమిది సెంటీమీటర్లు. రెండూ తలుపు వెనక గోడ మీద పెన్సిలుతో రాసి, ముందుగదిలోకి వెళ్లి, ఆగిపోయిన చోట నుంచి రెక్క పని మొదలుపెట్టేది.

రెండేళ్ల కిందట ఆయన అయిదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. పొలాల మీద మందు చల్లే విమానం నడిపేవాడు. ఇరవై రెండేళ్లు నడిపాడు, ఒక్క చెట్టుకొమ్మ తగిలించుకోలేదు. అలాంటిది కంపెనీ వాళ్లు ఎక్కువ పొలం ఒకే దఫాలో తడపాలని సీటు వెనక ఇంకో ట్యాంకు బిగించారు. ట్యాంకు నిండా ఉంటే దాని అడుగు రేకు వంగుతోందనీ, రేకుకున్న బోల్టు కిందున్న కడ్డీకి ఆనుతోందనీ ఆయన మూడు ఉత్తరాలు రాశాడు. ఆ కడ్డీయే పైలట్ చేతిలో ఉండే కర్రనుంచి తోక మీద పలకదాకా వెళ్లేది. ఆ పలక లేస్తేనే విమానం ముక్కు లేస్తుంది. మూడు ఉత్తరాలకీ 'అందినది' అన్న ముద్ర పడింది. ముద్ర పడింది కాబట్టి పని అయిపోయిందనుకునే జాతి అది.

నాలుగో ఉత్తరం రాయాల్సిన అవసరం రాలేదు. ఒకరోజు పొలం చివర కర్ర లాగితే రాలేదు. ఎదురుగా చెట్ల వరస. ఆయన ట్యాంకు మూత లాగి మందంతా వదిలేశాడు. బరువు పోగానే రేకు లేచింది, కడ్డీ విడింది, ముక్కు లేచింది. కానీ అప్పటికే చక్రాలు గట్టుకి తగిలాయి. విమానం రెండు ముక్కలైంది. ఆయన మోచేయి గీసుకుపోయింది.

విచారణ జరిగింది. ఖాళీ ట్యాంకు కింద కడ్డీ హాయిగా ఆడుతుంది కదా, అంచేత ఎవరికీ ఏ లోపమూ కనపడలేదు. శకలాలను కంపెనీ పాతసామాన్లకు అమ్మేసింది. విచారణాధికారి నివేదిక చదివాడు: "ప్రమాదానికి కారణం పైలట్ పొరపాటు." చదువుతుండగానే పైలట్ చొక్కా చేతులు వేళ్ల దాకా జారాయి. ఇంటికొచ్చేసరికి ప్యాంటు మడత పెట్టాల్సి వచ్చింది. లైసెన్సు రద్దు చేస్తూ ఇంకొకడు చదివాడు, బీమా వాళ్లు చదివారు, మొదటి అప్పీలు కొట్టేస్తూ మరొకడు చదివాడు. చదివినప్పుడల్లా ఆయన తగ్గాడు. లాభం వచ్చినప్పుడు అది సంస్థది. పొరపాటు వచ్చినప్పుడు మాత్రం అది మనిషిది. ఈ ఒక్క సూత్రం మీద ఎన్ని ఆఫీసులు నడుస్తున్నాయో లెక్కేస్తే ఊళ్లో సగం బల్లలు ఖాళీ చేయించాలి.

వీధిలో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. టైలరు కొత్త కొలతలు తీసుకుని పాత చొక్కాలు కోసి కుట్టాడు. డాక్టరు మందుల మోతాదు తగ్గించి రాశాడు. లైసెన్సు ఆఫీసులో గుమాస్తా మాత్రం కిటికీలోంచి కిందికి వంగి, "సంతకం కిటికీ దగ్గరే పెట్టాలండీ, నేలమీద పెడితే చెల్లదు" అన్నాడు. భార్య ఆయన్ని ఎత్తి పట్టుకుంటే ఆయన సంతకం పెట్టాడు. గుమాస్తా ఆ సంతకం పాత సంతకం కంటే చిన్నదిగా ఉందని తిప్పి పంపాడు.

రెండో అప్పీలుకు కమిటీ ఒక షరతు పెట్టింది. పైలట్ నోటిమాట చెల్లదు, ఎందుకంటే అతను సంబంధం ఉన్న మనిషి. (సంబంధం లేనివాళ్లు మాత్రమే నిజం చెప్పగలరని ఎవరు కనిపెట్టారో కానీ, వాళ్లకు తప్పకుండా ఏదో సంబంధం ఉండే ఉంటుంది.) కళ్లముందు నిరూపించాలి. ఎలా నిరూపించాలి? విమానం లేదు. ఉన్నవల్లా కంపెనీ సొంత డ్రాయింగులు. విచారణ కాగితాలతోపాటు వాటికీ నకళ్లు తీసుకుంది భార్య. ఇరవై ఆరేళ్లు రిజిస్ట్రేషను ఆఫీసులో నకళ్లు రాసిన మనిషి, ఆమె చేతికి కాగితం దొరికితే వదలదు.

కూతురు వయొలిన్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. పలచటి చెక్కను ఆవిరి పట్టి వంచడం, వేలితో తట్టి లోపలి బీటను వినడం ఆమెకు అన్నం తిన్నంత తేలిక. డ్రాయింగులు నేల మీద పరిచి చూసి, "నేనే చేస్తాను. రిమోటుతో ఎగిరే మోడల్. నిజం విమానంలాగే ఎగురుతుంది, నిజం విమానంలాగే ఇరుక్కుంటుంది" అంది.

"ఎంత సైజుదే?" అన్నాడు బాబాయి. ఆయనకి మేకులు, బందులు, గొట్టాలు అమ్మే షాపు ఉంది. ఏ పని మొదలైనా ముందు కొలతే అడుగుతాడు.

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన కుర్చీలో మూడు దిండ్ల మీద కూర్చుని ఉన్నాడు. సరిగ్గా మూడో వంతు.

"నాన్నంత" అంది.

ఏడాదిన్నర పట్టింది. ముందుగదిలోని సోఫాను బాబాయి ఇంటికి పంపేశారు. నాలుగు మీటర్ల రెక్క గుమ్మంలోంచి పట్టదని రెండు ముక్కలుగా చేసి, మధ్యలో అల్యూమినియం గొట్టంతో కలిపే ఏర్పాటు చేసింది. బాల్సా అనే బెండులాంటి తేలిక చెక్క పలకల్లోంచి, రెక్కకు పక్కటెముకల్లాంటి నలభై నాలుగు రిబ్బులు కోసింది. ఒక్కో రిబ్బునూ తట్టి విని, మోగనిదాన్ని పక్కన పడేసింది. తండ్రి బల్లమీద నడుస్తూ, రిబ్బుల మధ్యకి దూరి, అవతల చేయి పట్టని చోట జిగురు పూసేవాడు. ఒకసారి రెక్కలోపల జిగురు ఆరేదాకా మోకాలు అంటుకుపోయి గంటసేపు ఉండిపోయాడు.

"అన్నయ్యా, నిన్ను కూడా పార్టుల లిస్టులో రాసుకోమంటావా?" అన్నాడు బాబాయి.

"రాసుకో. అయితే తక్కువరకం అని రాయకు, కంపెనీ వాళ్లు అదే కొంటారు."

ట్యాంకు అడుగు రేకు దగ్గరే నాలుగు వారాలు గడిచాయి. నిండు ట్యాంకు బరువుకి అసలు విమానంలో ఆ రేకు ఎంత వంగుతుందో డ్రాయింగు మీద కంపెనీ ఇంజనీరే అంకె వేశాడు. ఆ అంకెలో మూడో వంతు వంగేదాకా కూతురు ఆకురాయితో రేకును అరగదీసింది. నీళ్లు పోయడం, కొలవడం, పారబోయడం, మళ్లీ అరగదీయడం. వాళ్ల అంకెతోనే వాళ్ల నోరు మూయించాలన్నది ఆమె పట్టుదల.

ఒక్క విషయంలో మాత్రం మామూలు మోడల్‌కి భిన్నంగా చేసింది. ఇంజను, పక్క రెక్కల పలకలు, చుక్కాని రిమోటుతో ఆడతాయి. కానీ తోక మీద పైకీ కిందికీ ఆడే పలకకు మోటారు పెట్టలేదు. "మోటారు పెడితే మోటారు పాడైందంటారు. తగువు ఆ కడ్డీ మీద. ఆ కడ్డీని చేత్తోనే లాగాలి" అంది.

"ఎవరి చేత్తో?" అంది తల్లి, అడిగాక తనే మొగుడి వైపు తిరిగి, "చలికోటు కుట్టాలి మీకు" అంది.

ఆఖరి పని గుడ్డ తొడగడం. తల్లి, కూతురు చెరోవైపు నిలబడి పాలిస్టరు గుడ్డను రెక్కమీద పరిచి, అంచులు అంటించి, ఇస్త్రీపెట్టెతో నెమ్మదిగా రుద్దుకుంటూ వెళ్లారు. వేడికి గుడ్డ ముడుచుకుని, డప్పులా బిగిసింది. ఎక్కడా ఒక ముడత లేదు. రెండు పూతలు పసుపు రంగు కొట్టి, అక్షరాలు కత్తిరించి అతికించి, రెక్క కింద రెండు వేళ్లు పెట్టి బరువు సమతూగే చోటు చూశారు. పైలట్‌ను సీట్లో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, ట్యాంకులో అయిదున్నర లీటర్ల నీళ్లు పోసి, ముక్కులో సీసం ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ పోయారు. అంతా కలిపి ఇరవై నాలుగు కిలోల ఆరువందలు. ఇరవై అయిదు దాటితే పర్మిషన్లు కావాలి, పర్మిషన్లు ఇచ్చేది ఆ కమిటీయే.

పరీక్షకు ముందు ఇంకో వాయిదా, అందులో నివేదికను ఇంకోసారి చదవడం ఉంటాయేమోనని తల్లి మూడు సైజుల్లో బొంతలు కుట్టి సిద్ధంగా ఉంచింది. తండ్రి తగ్గితే సీట్లో వేయడానికి. కూతురు ఆయన కాళ్లు ఆనించే మెట్టుకు మూడు చోట్ల బెజ్జాలు పెట్టింది. తగ్గితే జరపడానికి. ముక్కులో అదనంగా సీసం పట్టే చోటు ఉంచింది. తగ్గితే వేయడానికి. ఆ తల్లీకూతుళ్లిద్దరూ తెలివైనవాళ్లే. కానీ తగ్గడానికి అన్ని ఏర్పాట్లూ చేసుకున్న ఆ ఇంట్లో, పెరగడానికి ఎవరూ ఒక్క అంగుళం వదల్లేదు. మనిషిని తొక్కిపెట్టడంలో అన్నిటికంటే నీచమైన భాగం ఇదే. తొక్కేవాడు ఊహను కూడా తొక్కేసి పోతాడు.

పరీక్ష రోజు ఉదయం పదకొండింటికి కమిటీ మైదానానికి వచ్చింది. ఛైర్మన్, కంపెనీ వకీలు, స్టెనో. స్టెనో నడివయసు ఆడమనిషి. మడతబల్ల ఒకటి తనే మోసుకొచ్చి, తనే వేసుకుని కూర్చుంది. మైదానం చివర చెట్ల వరస ఉంది. కావాలనే ఆ చోటు ఎంచుకున్నారు.

"పైలట్ ఎక్కడ?" అన్నాడు ఛైర్మన్.

"కూర్చున్నారండీ" అంది తల్లి.

ఛైర్మన్ వంగి కాక్‌పిట్‌లోకి చూశాడు. పైలట్ కళ్లద్దాలు సర్దుకుని నమస్కారం పెట్టాడు. ఛైర్మన్ వాచీ చూసుకున్నాడు. "కానివ్వండి. నాకు పన్నెండున్నరకి ఇంకో మీటింగుంది."

బాబాయి పంకా తిప్పాడు. ఇంజను అందుకుంది. పసుపుపచ్చ విమానం గడ్డి మీద పరుగెత్తి, తోక లేపి, గాల్లోకి లేచింది. కూతురు రిమోటు మెడలో వేసుకుని రెండు బొటనవేళ్లతో నడుపుతోంది. ముక్కు ఎత్తడం, దించడం తండ్రి చేతిలో ఉంది. ఇద్దరూ ఒక్క మాట లేకుండా ఒకే విమానాన్ని నడిపారు. రెండు చుట్లు తిరిగి, మందు చల్లేటప్పుడు దిగినట్టే కిందికి దిగి, గడ్డిని రాసుకుంటూ చెట్ల వైపు వెళ్లింది.

చెట్లు దగ్గరయ్యాయి. ముక్కు లేవలేదు.

"లాగమనండి! లాగమనండి!" అని అరిచాడు వకీలు, తను ఎవరి తరఫు మనిషో మరిచిపోయి.

కాక్‌పిట్‌లో పైలట్ రెండు చేతులతో కర్ర లాగుతున్నాడు. దుర్భిణిలోంచి ఛైర్మన్‌కి స్పష్టంగా కనిపించింది. తోక పలక కదలడం లేదు. పైలట్ కర్ర వదిలి, పక్కనున్న పిడి లాగాడు. విమానం పొట్ట కింద నీళ్లు తెల్లటి తెరలా పరుచుకున్నాయి. మరుక్షణం తోక పలక లేచింది, ముక్కు లేచింది, చక్రాలు చిటారు కొమ్మల ఆకులు రాల్చుకుంటూ అవతలికి పోయాయి.

ఛైర్మన్ దుర్భిణి దించాడు. ముఖంలో నెత్తురు లేదు. ఆ ఒక్క నిమిషం ఆయన ఏ కుర్చీలోనూ లేడు.

"అబ్బ! లోపం విమానంలోనే ఉందయ్యా. ఆయన చేసింది సరైన పని. ఇంకొకడైతే చచ్చేవాడు. అంటే మనం రాసిన నివేదిక..."

స్టెనో పెన్సిలు కదులుతోంది.

పైన విమానం తూలింది. కూతురు తలెత్తి చూసింది. కాక్‌పిట్ మీది అద్దం పగిలి, తండ్రి తల బయటికి వచ్చింది. తర్వాత భుజాలు. మోకాళ్లు కర్రకు అడ్డంపడుతున్నాయి. ఆయన పెరుగుతున్నాడు.

"ఆగండి!" అని కేక పెట్టింది కూతురు. "అనకండి! ఇంకొక్క ముక్క కూడా అనకండి!"

"ఏమిటమ్మా?"

"దిగనివ్వండి ముందు! మీ కాళ్లు పట్టుకుంటాను, నోరు మూసుకోండి!"

రెండేళ్లు ఆ మాట కోసం మెట్లెక్కి, కిటికీల దగ్గర నిలబడి, గోళ్లు అరిగేలా చెక్క రుద్దిన పిల్ల, ఆ మాట వచ్చిన రోజున దాన్ని ఆపమని బతిమాలింది. దీనికంటే సిగ్గుమాలిన ఏర్పాటు ఏ ప్రభుత్వమూ చేయలేదు.

ఛైర్మన్ నోరు మూసుకున్నాడు. అది ఆయనకు బాగా వచ్చిన పని.

పెరగడం ఆగింది. కానీ మోకాళ్లు అడ్డంగా ఉండి తండ్రి కర్రను సగం కంటే ఎక్కువ లాగలేడు. దిగేటప్పుడు ముక్కు ఎత్తడానికి సగం చాలదు. ఆయన చేయి బయటపెట్టి బొటనవేలు పైకి చూపించాడు. కూతురికి అర్థమైంది. మిగతా సగం తను ఇంజనుతో ఇవ్వాలి. గడ్డి మీదికి వస్తున్న కొద్దీ వేగం తగ్గించి, ఆఖరి క్షణంలో ఒక్కసారి ఇంజను పెంచింది. ముక్కు లేచింది. చక్రాలు ఆనాయి. విమానం రెండుసార్లు గెంతి, బల్లకు పది అడుగుల దూరంలో ఆగింది.

"నాన్నా!"

"బానే ఉన్నాను. నడుం ఇరుక్కుంది" అన్నాడు పైలట్. గొంతు కొంచెం లావెక్కింది.

ఈలోగా వకీలు ఛైర్మన్ చెవిలో ఏదో అన్నాడు. ఛైర్మన్ ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. దానితోపాటు కుర్చీ కూడా తిరిగొచ్చింది.

"రాసుకోండి" అన్నాడు స్టెనోతో. "నిర్ధారణ వెలువడే సమయంలో ఫిర్యాదుదారు తరఫువారే ఆపమని కోరారు. కాబట్టి అప్పీలు ఉపసంహరించుకున్నట్టు భావించడమైనది. పాత నివేదిక యథాతథం. తేదీ వేయండి, సంతకం పెడతాను."

"ఏమిటీ?" అంది కూతురు. "కళ్లతో చూశారు కదండీ! మీరే అన్నారు కదా!"

"నువ్వే వద్దన్నావు కదమ్మా."

"ఆయన ప్రాణం పోతుందని!"

"కారణాలు నాకనవసరం. వద్దన్నావా, లేదా?"

"పెద్దమనిషి, సిగ్గులేదూ?" అన్నాడు బాబాయి చొక్కా చేతులు మడుచుకుంటూ.

తల్లి బాబాయిని పక్కకు నెట్టి బల్ల ముందుకు వచ్చింది. అరవలేదు. ఇరవై ఆరేళ్లు రిజిస్ట్రేషను ఆఫీసులో వాడిన గొంతు తీసింది.

"చదివి వినిపించకుండా సంతకం ఎలా పెడతారండీ?"

"ఏంటి?"

"ఎంత చిన్న కాగితమైనా, రాసింది రాసినట్టు అందరికీ చదివి వినిపించాలి. విన్నవాళ్లు సరే అనాలి. అప్పుడే సంతకం. ఇది మీ రూలే, మా ఇంట్లో పుట్టింది కాదు."

ఛైర్మన్ వకీలు వైపు చూశాడు. వకీలు నేల చూశాడు. రూలు ఉంది.

"సరే, చదవండమ్మా, తొందరగా. చివరి పేరా చాలు."

"మొదటి నుంచి చదవాలండీ" అంది స్టెనో. ఆ రోజు ఆమె నోరు విప్పడం అదే మొదలు. "మధ్యలోంచి చదివితే చెల్లదు."

లేచి నిలబడింది. పుస్తకం ఎత్తి పట్టుకుంది. పందొమ్మిదేళ్లుగా ఇతరుల మాటలు రాయడమే ఆమె ఉద్యోగం. ఏ మాట నిజమో, ఏ మాట అబద్ధమో ఆమెను ఎవరూ అడగలేదు. యంత్రాన్ని ఎవరడుగుతారు? కానీ పనిచేసే చేతులన్నీ ఒక రోజు వింటాయి, ఒక రోజు గుర్తుపెట్టుకుంటాయి. ఆమె స్పష్టంగా, ఒక్కో మాటా విడదీసి చదివింది.

"పదకొండు గంటల ఇరవై నాలుగు నిమిషాలకు ఛైర్మన్ గారు: అబ్బ. లోపం విమానంలోనే ఉందయ్యా."

కాక్‌పిట్ అంచు చిట్లింది.

"ఆ ముక్క కొట్టేయండి!" అన్నాడు ఛైర్మన్.

"అన్నది రాశానండీ. రాసింది చదువుతున్నాను. ఆయన చేసింది సరైన పని."

ఫట్‌మని ఒక రిబ్బు, ఆ వెనకే మరొకటి. డప్పులా బిగిసిన గుడ్డ నిలువునా చిరిగింది. పైలట్ మోకాళ్లు ముక్కులోంచి బయటికి వచ్చాయి, పాదాలు గడ్డికి ఆనాయి.

"ఇంకొకడైతే చచ్చేవాడు."

రెక్కలు కలిపే గొట్టం వంగి, రెండు రెక్కలూ చెరోవైపు వాలాయి. ఆయన లేచి నిలబడ్డాడు. లేస్తూనే ఉన్నాడు. విమానం పొట్ట మెడలో పసుపు కాలరులా మిగిలింది. భార్య పరుగున వెళ్లి విమానం మీద కప్పే దుప్పటి ఆయన నడుముకు చుట్టింది.

"కుట్టిన చలికోటు పోయింది" అంది. ఏడుస్తోంది, కానీ ముడి మాత్రం గట్టిగా వేసింది.

స్టెనో చివరి పేరా దాకా చదివి, పైలట్ వైపు తిరిగింది. ఇప్పుడామె తలెత్తి చూడాల్సి వచ్చింది. "అప్పీలు ఉపసంహరించుకున్నట్టు ఛైర్మన్ గారు అన్నారు. మీరు ఒప్పుకుంటారా?"

"లేదమ్మా. ముందు చదివినవన్నీ ఒప్పుకుంటాను. ఇది ఒప్పుకోను."

"ఒప్పుకోలేదు" అని గొణుక్కుంటూ ఆమె రాసింది.

విన్నవాళ్లు ఒప్పుకోని ముక్క చెల్లదు కాబట్టి, ఛైర్మన్‌కి తన మాటలే మిగిలిన ఆ కాగితం మీద సంతకం తప్ప దారి లేకపోయింది. పెట్టాడు. పెట్టి, కలం మూత బిగిస్తూ, గడ్డి మీద పడున్న రిబ్బులు, చిరిగిన గుడ్డ, వంగిన గొట్టం చూశాడు. ఓడిపోయిన అధికారికి ఎక్కడో ఒకచోట ఇంకో అధికారం దొరుకుతుంది.

"సాక్ష్యంగా ప్రవేశపెట్టిన నమూనా ధ్వంసమైంది. రికార్డులో దీనికి బాధ్యులెవరో రాయాలి. ఖాళీ వదలడానికి వీల్లేదు."

కూతురు ఏడాదిన్నర పనిలోంచి ఒక ముక్క తీసి చేతిలో పట్టుకుంది. స్టెనో పెన్సిలు కాగితం మీద ఆనించి, రాయకుండా ఆగింది.

"నేనే" అన్నాడు పైలట్. "ఒళ్లు పెరిగి విరగ్గొట్టాను. రాసుకోండమ్మా."

"నాన్నా!" అంది కూతురు, తల్లి చేయి గట్టిగా పట్టుకుని.

స్టెనో రాసింది. రూలు ప్రకారం గట్టిగా చదివి వినిపించింది. అందరూ ఆయన్నే చూశారు. ఆయన దుప్పటి అంచు సర్దుకుని, "సరిగ్గానే ఉంది" అన్నాడు. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.